ఒక స్టీరింగు, రెండు గడియారాలు

జూన్ 3

చెల్లాయికి,

కవరు మీద నా రాత చూసి ఎవరికో ఏదో అయిందని కంగారు పడకు. అందరం బాగున్నాం. ఫోను చెయ్యకుండా ఉత్తరం ఎందుకంటే, ఫోన్లో మనిద్దరం మూడో నిమిషానికల్లా కొట్టుకుంటామనీ, నాలుగో నిమిషంలో సర్దిచెప్పడం ఇక తన వల్ల కాదనీ మీ వదిన తేల్చేసింది. ఉత్తరాల్లో అయితే ఒకళ్లు తిడుతున్నప్పుడు రెండోవాళ్లు అడ్డం రారట.

విషయానికొస్తాను. నాన్న కారుని, అదే మన పెద్దావిణ్ణి, షెడ్డులోంచి బయటికి తీశాను. నాన్న పోయిన తొమ్మిదేళ్లకి మళ్లీ ఎండ చూసింది పాపం. టైర్లు నేలకి అతుక్కుపోయాయి. ఎలుకలు వెనక సీటులోని పీచంతా లాక్కెళ్లి డిక్కీలో కాపురం పెట్టాయి. మెకానిక్కు రెండు వారాలు బతిమాలితే ఇంజను మాత్రం దగ్గి, తుమ్మి, లేచింది.

అక్టోబరులో పాత కార్ల ర్యాలీ మళ్లీ పెడుతున్నారు. నాన్న ఏటా వెళ్లేవాడే, అదే. అందులో గెలుపు వేగం మీద కాదని నీకు తెలుసు. ప్రతి మజిలీకీ వాళ్లు చెప్పిన నిమిషానికే చేరాలి, ఆలస్యమైనా తప్పే, తొందరపడినా తప్పే. నాలా గడియారాలు బాగుచేసి బతికేవాడికి ఇంతకంటే తగిన పోటీ ఎక్కడుంటుంది? ఈసారి ఒక నియమం గట్టిగా పెట్టారు. కారు లోపల బిగించే ర్యాలీ సామానంతా ఆ కాలపు తీరులోనే ఉండాలి. ఎలక్ట్రానిక్ తెరలూ, దారి చెప్పే ఫోన్లూ కనపడితే గేటు దగ్గరే వెనక్కి పంపేస్తారు. ముళ్ల గడియారాలు, దూరం కొలిచే మీటరు, మ్యాపు చూసుకునే దీపం, పెన్సిలు. అంతే.

ఆ సామానంతా నేను బిగిస్తాను. నువ్వు రావాలి. మనిద్దరమే వెళ్దాం. సెలవు లేదనకు.

నీ సీటు నీ ఒంటి కొలతలకే సరిచేస్తాను. కూర్చున్నప్పుడు సీటు నుంచి కంటి ఎత్తు, మోకాలి నుంచి మడమ, చెయ్యి చాపితే భుజం నుంచి వేలి కొస దాకా ఎంతో రాయి. పాదం కాగితం మీద పెట్టి చుట్టూ గీసి పంపు. కొలతలు మిల్లీమీటర్లలో ఉండాలి. ‘సుమారు’ అనే మాట నాకు పనికిరాదు.

భోజనాల బల్ల నిండా స్క్రూలు పరిచానని మీ వదిన నాలుగు రోజులుగా పళ్లెం ఒళ్లో పెట్టుకుని తింటోంది. అందుకైనా త్వరగా రాయి.

నీ అన్నయ్య

జూన్ 15

నిమిషం అన్నయ్యకి,

అవును, చిన్నప్పటి పేరే. యాభై ఎనిమిదేళ్లొచ్చినా మిల్లీమీటర్లు అడిగే మనిషిని ఇంకేమని పిలవాలి?

నేలకి నలభై మీటర్ల ఎత్తున, క్రేను గదిలో కూర్చుని రాస్తున్నాను. కింద రేవులో ఓడ ఇంకా తాళ్లు కట్టించుకుంటోంది, నాకు అరగంట ఖాళీ. నీ ఉత్తరం ఇక్కడే చదివాను. ముందు పడీపడీ నవ్వి, తర్వాత కాస్త ఏడ్చాను. కింద నిలబడి నాకు సైగలు చేసే పెద్దాయన అద్దంలోంచి చూసి కంగారుపడి రెండు చేతులూ అడ్డంగా ఊపాడు. అంతా ఆపెయ్యమని ఆ సైగకి అర్థం.

వస్తాను. సెలవు కాగితం నిన్ననే ఇచ్చేశాను.

కొలతలు పక్క కాగితంలో ఉన్నాయి. టేపు మీ బావగారు పట్టుకున్నారు. మోకాలి దగ్గరికి వచ్చేసరికి ఆయనకి చక్కిలిగింతలు పెట్టే బుద్ధి పుట్టింది కాబట్టి ఆ ఒక్క అంకె నమ్మకు. పాదం పనిబూటుతోనే గీశాను, అంత దూరం వట్టికాళ్లతో వెళ్లనుగా.

నావి రెండు కోరికలు. నా సీటు బాగా వెనక్కి జరగాలి. గడియారాలు నాకు సరిగ్గా ఎదురుగా ఉండాలి, మాటిమాటికీ పక్కకి తిరిగి చూస్తే నాకు మెడ పట్టేస్తుంది. మిగతాదంతా నాన్న ఉన్నప్పుడు ఎలా వెళ్లేవాళ్లో అలాగే. ఏమీ మార్చొద్దు.

తాళ్లు కట్టేశారు, పెద్దాయన పిలుస్తున్నాడు.

నీ చెల్లెలు

జూలై 1

చెల్లాయికి,

నీ పాదం చూసి మీ వదిన ఝడుసుకుంది. “ఇది పాదమా, పడవా?” అంది. నువ్వు పంపిన కొలతకే కాళ్లపలక చేయించాను. వాలుగా ఉండే చెక్క, పైన బూటు జారకుండా గళ్లు కొట్టిన రేకు. నాలుగు బోల్టులతో బిగించాను, ఏనుగు తొక్కినా కదలదు.

ఇక గడియారాల కథ విను. ఒకే రేకు మీద పక్కపక్కన ఉండే జంట గడియారాలు తెప్పించాను. ఒకటి టైము చూపించేది, రెండోది స్టాప్‌వాచీ. నల్లటి ముఖం, తెల్లటి అంకెలు, సన్నటి ముళ్లు. చూస్తే నాన్న కాలంలోంచి నేరుగా నడిచొచ్చినట్టున్నాయి. ముచ్చటపడి వెనక మూత తీశాను. లోపల బఠాణీ గింజంత బ్యాటరీ. నాకు ఒళ్లు మండిపోయింది. గేటు దగ్గర వాళ్లు మూత తీసి చూడరు, నాకు తెలుసు. కానీ నేను చూశానుగా. లోపలి సరుకంతా పీకేసి, నా దగ్గరున్న కీ ఇచ్చే యంత్రాలు రెండు అందులో కూర్చోబెట్టాను. నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులూ దుకాణంలో బాగుకొచ్చిన గడియారాలు ఎవరి టైము వాళ్లు చూపించుకున్నాయి. ఇప్పుడు మనది రోజుకి రెండు సెకన్లు ముందుకి పోతోంది. అక్టోబరు లోపల దాని పొగరు అణుస్తాను.

డాష్‌బోర్డుకి కొత్త రంధ్రం పెట్టడానికి మనసొప్పలేదు. సిగరెట్టు బూడిద గిన్నె ఊడదీసి ఆ ఖాళీలోనే రేకు బిగించాను. నీకు ఎదురుగా, సరిగ్గా నీ కంటి కొలతకి.

దీపం కూడా వచ్చింది. మెడ ఎటు వంచితే అటు నిలబడుతుంది, నెత్తిన రేకు టోపీ. వెలుగు మ్యాపు మీదే పడుతుంది, డ్రైవరు కళ్లలో పడదు. నేనయితే టార్చి నోట్లో పెట్టుకుని చదివేవాణ్ణి. నాన్న ఎటురా అని అడిగితే, టార్చి తీసి జవాబు చెప్పేసరికి మలుపు వెనకబడిపోయేది. ఇంకా తలుపుకి పట్టుకునే పిడి, మ్యాపులకి తోలు సంచి, పెన్సిళ్లకి గూడు పెట్టాను.

పాత స్టీరింగు పగుళ్లిచ్చింది. మధ్యలోని ఇనప ఊచలు అలాగే ఉంచి, చుట్టూ చెక్క వేయిస్తున్నాను. నిన్న పట్టుకుని చూశాను. ఎంత బాగుందో రాయడం నాకు రాదు.

నీ అన్నయ్య

జూలై 13

అన్నయ్యకి,

చెక్క స్టీరింగు అనగానే నా చేతులు దురదపెట్టాయి. మరీ లావుగా చేయించకు. పట్టుకుంటే బొటనవేలు చుట్టూ తిరిగి చూపుడువేలిని తాకాలి. పాతికేళ్లుగా పిడులు పట్టుకుని బతుకుతున్నదాన్ని, నా మాట విను.

కాళ్లపలక మంచి ఆలోచన. ఎడమ కాలికి మధ్యమధ్య విశ్రాంతి దొరుకుతుంది.

కానీ ఆ దీపం పక్కన చేరిన పటాలం ఏమిటి? మ్యాపు చదివే మనిషికి పిడి, తోలు సంచి, పెన్సిలు గూడు. ఆ సీటుకి ఇన్ని హంగులు అవసరమా? ఒక దిండు కూడా పెట్టు, నిద్రపోవచ్చు.

మీ బావగారు మోకాలి కొలత మళ్లీ తీశారు. ఈసారి బుద్ధిగా తీశారు. నాలుగు మిల్లీమీటర్లు తేడా.

నీ చెల్లెలు

జూలై 25

చెల్లాయికి,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు రాయకూడదనుకున్నాను. “నువ్వు అలిగితే ఆ అమ్మాయికి తెలియాలన్నా ఉత్తరమే రాయాలి కదా” అంది మీ వదిన. అదీ నిజమే.

అవసరమా అని అడిగావు. పదకొండో ఏట నుంచి పదహారేళ్లు ఆ సీట్లో కూర్చున్నవాణ్ణి, దానికేం అవసరమో నాకు తెలుసు. పిడి లేక ప్రతి మలుపులోనూ తలుపుకి కొట్టుకున్నాను. గూడు లేక పెన్సిలు సీటు కిందకి దొర్లితే, దానికోసం వంగి లేచేసరికి ఎక్కడున్నామో తెలిసేది కాదు. సంచి లేక కిటికీలోంచి ఎగిరిపోయిన మ్యాపు కోసం పొలాల్లో పరిగెత్తాను. ఒక్క హంగూ ఊడదియ్యను. దిండు మాత్రం పెట్టడం లేదు.

స్టీరింగు నువ్వు చెప్పిన మందానికే చేయించాను. నీ మాట నూటికి నూరుపాళ్లు నిజం, చేతిలో ఇమిడిపోయింది. కాళ్లపలక మీద ఎడమ కాలొక్కటే ఎందుకు, రెండు కాళ్లూ హాయిగా చాపుకో.

నేను రోజూ ఉదయం ఆరింటికి సాధనకి వెళ్తున్నాను. ఏం సాధన అని అడగకు, అక్టోబరులో నువ్వే చూద్దువుగాని. దుకాణానికి వచ్చేవాళ్లతో మాత్రం గోడ గడియారాలు ఇళ్లకి చేరవెయ్యడానికి వెళ్తున్నానని చెబుతున్నాను. నువ్వూ సాధన మొదలుపెట్టు.

నీ అన్నయ్య

ఆగస్టు 8

అన్నయ్యకి,

రెండు కాళ్లూ పలక మీద చాపుకుంటే క్లచ్చు ఎవరు తొక్కుతారు, వదిన వచ్చి తొక్కుతుందా? నీ హాస్యం ఈమధ్య బాగా ముదిరింది.

నా సాధన కూడా జోరుగా సాగుతోంది. డ్యూటీ దిగాక రేవులో మూలన పడున్న పాత లారీని తీసి, గోదాముల చుట్టూ నాలుగు చుట్లు తిప్పుతున్నాను. గేరు మార్చినప్పుడల్లా అచ్చం మన పెద్దావిడలాగే గుర్రుమంటుంది. నాన్న పక్కన కూర్చుని నేర్పిన రోజులు గుర్తొస్తున్నాయి.

నీకు శ్రమ తగ్గిద్దామని ర్యాలీ దరఖాస్తు నేనే నింపి పంపేశాను. ఇక నువ్వు గడియారాల సంగతి చూసుకుంటే చాలు.

నీ చెల్లెలు

ఆగస్టు 8

చెల్లాయికి,

రెండు ముక్కలే. ర్యాలీ దరఖాస్తు ఈ ఉదయం నా చేత్తో ఇచ్చి వచ్చాను. నీకా బాధ లేదు. గడియారం ఇప్పుడు రోజుకి అర సెకను.

నీ అన్నయ్య

ఆగస్టు 21

చెల్లాయికి,

ర్యాలీ ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. ఒకే కారుకి రెండు దరఖాస్తులు అందాయట. ఒకదాంట్లో డ్రైవరు అన్న, మ్యాపు చూసి దారి చెప్పే నావిగేటరు చెల్లెలు. రెండోదాంట్లో డ్రైవరు చెల్లెలు, నావిగేటరు అన్న. అంటే ఇద్దరు డ్రైవర్లు, ఇద్దరు నావిగేటర్లు, ముందు మాత్రం రెండే సీట్లు. నలుగురూ ఎలా కూర్చుంటారో బొమ్మ గీసి పంపమన్నారు. ఈలోపు ఉండనిమ్మని నాలుగు భోజనం చీట్లు కూడా పంపారు.

నీ లారీ ఉత్తరం వచ్చినప్పుడు కూడా నాకు తట్టలేదు. క్రేను మనిషి కదా, లారీ సరదా అనుకున్నాను. ఇప్పుడు రెండూ పక్కపక్కన పెట్టుకు చదివితే వెలిగింది.

ఎవర్నడిగి డ్రైవరు గడిలో నీ పేరు రాశావు? నడిపేది నేను.

అన్నయ్య

ఆగస్టు 28

అన్నయ్యకి,

ఎవర్నడిగి రాశానా? సీటు నా కొలతలకి చేస్తానన్నావు. గడియారాలు నా కంటి ఎత్తుకి అన్నావు. స్టీరింగు నా చేతి మందానికి చేయించావు. దర్జీ దగ్గరికి వెళ్లి కొలతలిచ్చాక, చొక్కా పక్కింటాయన కోసం అంటే ఎలా ఉంటుంది?

అసలు నీకు డ్రైవింగే రాదు. ఊళ్లో అందరికీ తెలుసు. సైకిలు దిగాలన్నా నీకు అరుగు కావాలి. నాన్న ఆ కారు నడపడం నేర్పింది నాకు ఒక్కదానికే. ఆయన నడిపినప్పుడు మ్యాపు పట్టుకున్నది నువ్వు. నేను నడిపితే పట్టుకునేదీ నువ్వే. ‘ఏమీ మార్చొద్దు’ అని మొదటి ఉత్తరంలోనే రాశాను, అప్పుడు నోరెత్తలేదేం?

మూడు నిమిషాలు దాటింది. ఆపుతున్నాను.

చెల్లెలు

సెప్టెంబరు 5

చెల్లాయికి,

నువ్వు రాసింది రాసినట్టు నిజం. ఒక్కటి తప్ప. నాకు డ్రైవింగు వచ్చు. జూలై ముప్ఫై నుంచి వచ్చు.

ఏప్రిల్లో డ్రైవింగు స్కూల్లో చేరాను. నేర్పే ఆవిడ నాకంటే ముప్ఫై ఏళ్లు చిన్న. “అంకుల్, చూడాల్సింది గడియారం కాదు, రోడ్డు” అని రోజుకి పదిసార్లు అనేది. పరీక్ష రెండుసార్లు తప్పాను. మొదటిసారి వెనక్కి పోనివ్వమంటే ముందుకి పోనిచ్చాను. రెండోసారి అన్నీ సరిగ్గా చేసి, హ్యాండ్‌బ్రేకు వెయ్యకుండా దిగాను. బండి దానంతటదే వెళ్లి పరీక్ష పెట్టే ఆయన స్కూటర్ని పడేసింది. మూడోసారికి పాసయ్యాను. మీ వదినకి తప్ప ఎవరికీ చెప్పలేదు.

నీకు పద్దెనిమిది నిండిన రోజు నాన్న నీ చేతికి తాళాలిచ్చాడు. ఆ రోజు వెనక సీట్లో నేనున్నాను, ఒళ్లో మ్యాపుతో. నాకప్పుడు ఇరవై నాలుగు. నువ్వు క్లచ్చు వదిలినప్పుడల్లా నా తల ముందు సీటుకి కొట్టుకునేది. నొప్పి తల్లో లేదు. నన్నెందుకు అడగలేదని నాన్నని అడగాలనుకుని, ఆయన పోయేదాకా అడగలేకపోయాను.

నాన్న పక్షపాతి కాదు. “స్టీరింగు ఎవడైనా తిప్పుతాడురా, నీలా నిమిషాలు లెక్కగట్టేవాడు ఎక్కడ దొరుకుతాడు” అనేవాడు. మెచ్చుకుంటున్నాననే అనుకున్నాడు పాపం. ఆ మెచ్చుకోలు పట్టుకుని నేనా సీట్లోనే ఉండిపోయాను. ఆయన పోయాక తొమ్మిదేళ్లు షెడ్డు తలుపు తియ్యలేదు. బాధ వల్ల అని అందరికీ చెప్పాను. బాధ నిజమే. బయటికి తీస్తే నడపాలి, నడపడం నాకు రాదు, అది అంతకంటే నిజం.

నువ్వు పక్కన కూర్చుంటే అవస్థ పడకూడదని, ఆ సీట్లో నేను ఏమేం లేక ఏడ్చానో అవన్నీ ఒక్కొక్కటే చేసి బిగించాను. నడిపేది నేనని ముందే చెప్పాల్సింది. నువ్వు నవ్వుతావని భయపడ్డాను.

ఇంత రాశాను గానీ, కారు మీద నీకెంత ప్రేమో నాకు తెలుసు. నువ్వే నడుపుతానంటే తాళాలిచ్చేస్తాను. ఆ రెండో సీటుకి నా కొలతలు ఎవరూ తియ్యక్కర్లేదు.

నీ అన్నయ్య

సెప్టెంబరు 14

అన్నయ్యకి,

ఈసారి ఉత్తరం క్రేను గదిలో చదవలేదు. పెద్దాయన మళ్లీ చేతులూపుతాడని ఇంటికి తెచ్చుకుని చదివాను. మీ బావగారు అన్నం వడ్డించి రెండుసార్లు పిలిచి, మూడోసారి పిలవకుండా పళ్లెం మీద మూత పెట్టారు.

ఆ రోజు నువ్వు వెనక సీట్లో ఉన్నావని నాకు గుర్తే లేదు అన్నయ్యా. ఎంత తలుచుకున్నా నాన్న, నేను, ముందు రోడ్డు, అంతే. నువ్వు లేవు. అది నన్ను చాలా బాధపెట్టింది.

తాళాలు నాకొద్దు. నేను రోజూ నలభై టన్నులు ఎత్తి దించుతాను, నాకు స్టీరింగు కరువు కాదు. ఇది త్యాగం అనుకుని నా మీద జాలిపడ్డావో, వచ్చి క్లచ్చు నేనే తొక్కుతాను. ఆఫీసుకి రాసేశాను: డ్రైవరు అన్న, నావిగేటరు చెల్లెలు, మిగతా ఇద్దరూ మానుకున్నారు అని.

మ్యాపు చదవడం సైగల పెద్దాయన దగ్గర నేర్చుకుంటున్నాను. ఇన్నేళ్లూ ఆయన చెబితే నేను తిప్పాను, ఇప్పుడు నేను చెబితే ఇంకొకళ్లు తిప్పుతారు అంటే తెగ సంబరపడ్డాడు. “మా బాధేంటో అప్పుడు తెలుస్తుందమ్మా” అన్నాడు.

ఒక్క మాట ముందే చెబుతున్నాను. నువ్వు బ్రేకు ఆలస్యంగా వేస్తే నేను కాళ్లపలక తొక్కేస్తాను. అది బ్రేకు కాదని నాకు తెలుసు, నా కాలికి తెలీదు.

నీ నావిగేటరు

అక్టోబరు 24

అన్నయ్యకి,

క్షేమంగా చేరాను. నడుం ఇంకా పట్టేసే ఉంది. రెండో మజిలీ దగ్గర నువ్వు దూకించిన గొయ్యి చలవే అది.

నువ్వు ర్యాలీ గురించి ఎవరితోనూ మాట్లాడడం లేదని వదిన రాసింది. ఓడిపోయినందుకు బాధపడుతున్నావని అర్థమైంది. తప్పు నాది కాబట్టి నేనే రాస్తున్నాను. చివరి మజిలీ ముందు దాకా మనం మూడో స్థానంలో ఉన్నాం. గడియారాలు అర సెకను తప్పలేదు. నువ్వు బండి ఒక్కసారే ఆపేశావు, అదీ గేదెల వల్ల. అంతా బాగానే జరిగి, చిట్టచివరి కూడలిలో కుడికి అనాల్సింది నేను ఎడమకి అన్నాను. దాంతో కొండ చుట్టూ తిరిగి, యాభై రెండు నిమిషాలు ఆలస్యంగా, అందరికంటే ఆఖరున చేరాం. మనం వచ్చేసరికి జెండా కూడా దించేశారు.

ఒక్క సంగతి మాత్రం చెప్పాలి. ఆ దీపం వెలుగు కాగితం మీద పడి మెరవడంతో గీత సరిగ్గా కనపడలేదు. వచ్చే ఏటికి ఆ టోపీ కాస్త కిందకి వంచు.

క్షమించు అన్నయ్యా.

నీ చెల్లెలు

నవంబరు 2

చెల్లాయికి,

దీపం టోపీ వంచను. అప్పుడు ఉదయం పదకొండు గంటలు. ఎండ ఫెళ్లున కాస్తోంది, దీపం వెలిగించనే లేదు.

నేను మాట్లాడనిది బాధతో కాదు. ఎవరైనా అడిగితే నవ్వొచ్చేస్తోంది, దుకాణంలో కూర్చుని ఒక్కణ్ణే నవ్వితే బాగోదని ఊరుకుంటున్నాను.

ఆ కూడలి దగ్గరికి వచ్చేసరికి నేను ఐదు గంటల పదకొండు నిమిషాలుగా నడుపుతున్నాను. మ్యాపు నీ ఒళ్లో ఉంటేనేం, పదహారేళ్లు ఆ దారుల్లోనే తిరిగినవాణ్ణి. కుడివైపు వీధి చివర జెండా నాకూ కనిపించింది, కుర్చీలు వేసుకుని కూర్చున్నవాళ్లూ కనిపించారు. ఇంకో రెండు నిమిషాల్లో చేరిపోతాం, తాళం తీసెయ్యాలి, అంతటితో అయిపోతుంది అనుకుంటున్నాను. అప్పుడు నువ్వు ఎడమకి అన్నావు. నువ్వు పొరబడ్డావో, కావాలనే అన్నావో నాకు తెలీదు, అడగను కూడా. మళ్లీ మ్యాపు చూసుకుని మాట మార్చేస్తావేమోనని, నువ్వు అలా అనీ అనగానే తిప్పేశాను.

నీ అన్నయ్య